సంతకం ఎవరిది?

(సభకు రాలేకపోయిన వారి కోసం రికార్డు నుంచి రాసుకున్న ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వైద్య విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, సెలవు పెట్టుకుని వచ్చిన నర్సమ్మలు ఇలా ఒకే చోట కూర్చోవడం అరుదు. నిర్వాహకులు ఈ సభకు "వైద్య పరిశోధన, ఆరోగ్య విధానం, ప్రజాభిప్రాయం" అని పెద్ద పేరు పెట్టారు. నేను మాత్రం ఒక్క కాగితం గురించే మాట్లాడతాను. దాని పేరు సమ్మతి పత్రం. మీలో చాలామంది దాన్ని చూసి ఉంటారు. ఆపరేషన్ గది బయట, తలుపు మూసుకోబోయే ముందు, పెన్ను చేతికిచ్చి "ఇక్కడ సంతకం పెట్టండి" అంటారు చూశారా, అది. ఏం రాసి ఉందో చదివి పెట్టినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తమని అడగను, ఎందుకంటే మా అమ్మ ఆపరేషన్ రోజున నేనూ చదవలేదు.

ఈ కాగితానికి మన ప్రాంతంలోనే ఒక చరిత్ర ఉంది. 2009 జులైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో ఒక ప్రాజెక్టు మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఇచ్చి, దేశవ్యాప్తంగా దీన్ని ఎలా అందించవచ్చో తెలుసుకోవడం దాని ఉద్దేశం. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్ ఇచ్చింది, టీకాలను తయారీ సంస్థలు ఉచితంగా ఇచ్చాయి. కొద్ది వారాల తేడాతో గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో కంపెనీ టీకాతో ఇలాంటి ప్రాజెక్టే మొదలైంది. ఖమ్మంలో 14 వేల మంది పైచిలుకు, వడోదరలో 10 వేల మంది పైచిలుకు బాలికలు టీకా తీసుకున్నారు.

టీకా వేసిన చోట్లలో ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాలు కూడా ఉన్నాయి. ఎందుకంటారా? పిల్లలు ఒకే చోట దొరుకుతారు. మూడు డోసులు, ఆరు నెలల వ్యవధిలో ఇవ్వాలి. ఇల్లిల్లూ తిరిగి ఇవ్వడం కంటే హాస్టల్లో వరుసగా నిలబెట్టి ఇవ్వడం తేలిక. తేలికైన దారి ఎంచుకోవడం నేరమేమీ కాదు, ప్రజారోగ్యంలో పని చేసినవాళ్లకు ఆ ఒత్తిడి తెలుసు. కానీ హాస్టల్లో ఒకటి తక్కువ. పిల్లలు ఉంటారు, వాళ్ల అమ్మానాన్నలు ఉండరు.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపివేసింది, విచారణ సంఘాన్ని వేసింది. అంతకు ముందు నెలలోనే మహిళా ఆరోగ్య సంఘాల వారు భద్రాచలం వెళ్లి, పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడి, అక్కడ జరిగిందేమిటో బయటపెట్టారు. తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం దీని మీద ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది, 2013 ఆగస్టులో. ఆ నివేదికలోని ఒక లెక్క చెబుతాను, జాగ్రత్తగా వినండి. మన రాష్ట్రంలో పరిశీలించిన సమ్మతి పత్రాలు 9,543. వాటిలో వేలిముద్రలు ఉన్నవి 1,948. హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి 2,763.

మళ్లీ చెబుతాను. 2,763 పత్రాల మీద సంతకం తల్లిది కాదు, తండ్రిది కాదు, వార్డెన్‌ది.

వేలిముద్రను నేను తప్పు పట్టను. చదువు రాని తల్లి వేలిముద్ర, చదువుకున్న తండ్రి సంతకం చట్టం ముందు సమానమే. అయితే వేలిముద్ర వేసేటప్పుడు, ఆ పనితో సంబంధం లేని ఒక సాక్షి పక్కన ఉండి, అంతా చదివి వినిపించారని, ఆమె అడిగిన వాటికి జవాబు చెప్పారని ధ్రువీకరించి సంతకం పెట్టాలి. అది లేకపోతే కాగితం మీద మిగిలేది సిరా మరక.

ఇక వార్డెన్. ఆయన్ను దోషిగా నిలబెట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. పిల్లల తరఫున వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకం చేయాలని పై నుంచే ఆదేశాలు వచ్చాయి. ప్రభుత్వోద్యోగి కాబట్టి ఆదేశం వచ్చింది, పాటించాడు. ఆ పిల్లలకు అన్నం పెట్టేది, జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేది ఆయనే కాబట్టి సంతకం పెట్టే హక్కు కూడా తనకుందని నమ్మి ఉండవచ్చు. కానీ ఆలోచించండి, వసతి గృహంలో ఉన్నంత మాత్రాన కోయ తల్లికి తన కూతురి మీద హక్కు పోతుందా? మన పిల్లలు నగరంలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంటారు. ఒక రోజు ఫోన్ చేసి "మీ అమ్మాయికి కొత్త టీకా వేశాం, మీ బదులు మేమే సంతకం పెట్టాం" అంటే ఊరుకుంటామా? మర్నాడు పొద్దున్నే గేటు ముందు ఉంటాం. భద్రాచలం ఏజెన్సీలోని తల్లికి ఆ గేటు దాకా వచ్చే బస్సు లేదు, వచ్చినా ఎవరిని అడగాలో తెలియదు. నైతికత అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే: అడగలేని మనిషి విషయంలో కూడా, అడగగలిగిన మనిషితో నడుచుకున్నట్టే నడుచుకోవడం.

పిల్లల మాట కూడా ఉంది. 10 ఏళ్ల అమ్మాయికి తన ఒంటి గురించి ఒక అభిప్రాయం ఉంటుంది. వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నోటి మాటగానైనా అంగీకారం తీసుకోవాలని, ఆ పైన 18 వరకు రాతపూర్వకంగా తీసుకోవాలని చెబుతున్నాయి. తల్లిదండ్రుల సమ్మతికి ఇది అదనం, బదులు కాదు. ఇంట్లో కోయ భాష మాట్లాడే అమ్మాయికి, బడి తెలుగులో, "గర్భాశయ ముఖద్వారం" అనే మాటను ఎవరు, ఎలా వివరించాలి? టీకా వేసే మధ్యాహ్నం పది నిమిషాల్లో అయ్యే పని కాదు కదా.

ఇంకో చిక్కు ఉంది. అసలు దీన్ని ఏమనాలి? ప్రాజెక్టు చేపట్టినవాళ్లు ఇది ప్రదర్శన ప్రాజెక్టు, అంటే టీకాను ఎలా అందించవచ్చో చేసి చూపే పని అన్నారు. టీకాకు 2008లోనే మన దేశంలో అనుమతి వచ్చింది కాబట్టి ఇది క్లినికల్ ట్రయల్, అంటే మనుషుల మీద మందును పరీక్షించే పరిశోధన, కాదని వాదించారు. పార్లమెంటు సంఘం ఆ వాదనను ఒప్పుకోలేదు. పేరులో ఏముంది అనుకోకండి, పేరులోనే అంతా ఉంది. పరిశోధన అంటే బీమా ఉండాలి, దుష్ప్రభావాలను వెంటనే నమోదు చేసే ఏర్పాటు ఉండాలి, పాల్గొన్న ప్రతి ఒక్కరి బాధ్యత పరిశోధకుడిది. ప్రభుత్వ కార్యక్రమం అంటే బాధ్యత ప్రభుత్వానిది. పరిశోధనా కాదు, పూర్తి స్థాయి కార్యక్రమమూ కాదు అన్నప్పుడు ఆ పిల్లలకు దక్కాల్సిన రక్షణ రెంటికీ చెడ్డ రేవడి అయింది. బీమా లేదు. దుష్ప్రభావాలను గమనించే ఏర్పాట్లు చాలలేదని విచారణలో తేలింది.

ఇక్కడ ఒక సున్నితమైన సంగతి చెప్పాలి, దయచేసి సగం విని వెళ్లిపోకండి. ఆ రెండు జిల్లాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. విచారణ సంఘం ఆ మరణాలను పరిశీలించింది. ఒకరు నీటిలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారు. మిగతా ఇద్దరి విషయంలో కూడా టీకాతో సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువని తేల్చింది. కాబట్టి టీకా పిల్లల్ని చంపిందని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు. నేను ఈ టీకాకు వ్యతిరేకిని కాను. నా కూతురికి వేయించాను, మీ పిల్లలకూ వేయించండి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు లక్షా 27 వేల మందికి ఈ క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది పేద స్త్రీలు.

టీకా మంచిదే, ఇచ్చిన తీరు తప్పు. ఈ రెండూ ఒకేసారి నిజం. చాలామందికి ఇది మింగుడు పడదు. టీకా మంచిదైతే ఇంత రాద్ధాంతం ఎందుకంటారు కొందరు, ఇచ్చిన తీరు తప్పయితే టీకాలో విషముందంటారు ఇంకొందరు. ఆ తల్లి దగ్గర కూర్చుని ఒక పూట మాట్లాడి ఉంటే, ఆ తర్వాత తన బిడ్డ వేరే కారణంతో చనిపోయినా ఆమె టీకాను అనుమానించేదో లేదో నేను చెప్పలేను. కానీ తనకు తెలియకుండా వేసిన సూదిని ఏ తల్లి అయినా అనుమానిస్తుంది. అందులో అజ్ఞానం ఏముంది?

వైద్య విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. "అందరినీ అడుగుతూ కూర్చుంటే పని ఆలస్యమవుతుంది, ఈలోగా ఆడవాళ్లు చనిపోతూనే ఉంటారు" అని. సరైన ప్రశ్నే. కానీ లెక్క చూడండి. ఖమ్మంలో అడగకుండా చేశాం కాబట్టి పని వేగంగా అయిందా? 2010లో ఆగింది. టీకాల విషయంలో కేంద్రానికి సలహా ఇచ్చే జాతీయ సాంకేతిక సలహా సంఘం ఈ టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేర్చాలని సిఫారసు చేసేసరికి 2022 వచ్చింది. ధర, సరఫరా వంటి వేరే కారణాలూ ఉన్నాయి, ఖమ్మం ఒక్కటే కారణమని నేను అనను. కానీ ఖమ్మం పేరెత్తగానే అధికారులు వెనకడుగు వేసిన సంవత్సరాలు ఉన్నాయి. 2009లో 14 ఏళ్లున్న అమ్మాయికి ఈపాటికి పెళ్లయి పిల్లలున్నారు. టీకా అందని ఆమె ఈడు వాళ్లు దేశంలో కోట్ల మంది.

దీనికి ఎదురుగా సిక్కింను చూడండి. 2018లో ఆ చిన్న రాష్ట్రం ఇదే టీకాను బడుల ద్వారా ఇచ్చింది. ముందుగా ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో, పిల్లల డాక్టర్లతో, విలేకరులతో కూర్చుని మాట్లాడారు. 95 శాతానికి పైగా బాలికలు టీకా తీసుకున్నారు. చిన్న రాష్ట్రం కాబట్టి సాధ్యమైందని అనవచ్చు, అందులో కొంత నిజముంది. మూడు మండలాలు అంతకంటే చిన్నవి కావా?

ఖమ్మం సంఘటన వల్ల ఇంకొకటి జరిగింది, అది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. అదే సమయంలో మన దేశంలో, హైదరాబాద్‌తో సహా పలు చోట్ల, ఇదే టీకా రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని తేల్చే వేరే అధ్యయనం నడుస్తోంది. ఖమ్మం గొడవతో ప్రభుత్వం టీకాలు ఆపమన్నప్పుడు అది కూడా మధ్యలో నిలిచిపోయింది. దాదాపు 5 వేల మంది బాలికలకు ఒకే డోసు అందింది, మిగతా డోసులు అందలేదు. పరిశోధకులు వాళ్లను వదిలేయలేదు, ఏళ్ల తరబడి వెళ్లి చూశారు. పదేళ్ల తర్వాత, 2021లో తేలిందేమిటంటే ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇస్తోందని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలునని 2022లో చెప్పడానికి ఉన్న ఆధారాల్లో మన అమ్మాయిల రక్తనమూనాలు ఉన్నాయి. ఎక్కడో ఆఫ్రికాలో ఒక పేద దేశం సగం ఖర్చుతో తన బాలికలకు టీకా ఇవ్వగలుగుతోందంటే అందులో వీళ్ల పాలు ఉంది. ఆ సంగతి వాళ్లకు ఎవరైనా, వాళ్ల భాషలో, ఇంటికి వెళ్లి చెప్పాలి. వాళ్లు పరిశోధనకు ముడిసరుకు కాదు, భాగస్వాములు.

ఈ "భాగస్వామి" అన్న మాట ఊరికే వాడలేదు. వైద్య పరిశోధనకు ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే హెల్సింకి ప్రకటన 1964 నాటిది. దాన్ని 2024 అక్టోబరులో సవరించినప్పుడు, పరిశోధనకు గురయ్యేవాళ్లు అనే అర్థమిచ్చే పాత మాట తీసేసి, పరిశోధనలో పాల్గొనేవాళ్లు అన్న మాట పెట్టారు. అరవై ఏళ్లు పట్టింది.

మన దేశంలోనూ పాత గాయాలున్నాయి. ఇదే క్యాన్సర్ విషయంలో, 1970లు, 80లలో ఢిల్లీలో 1,158 మంది స్త్రీలను, గర్భాశయ ముఖద్వారంలో ముందస్తు మార్పులు కనిపించినా చికిత్స చేయకుండా, అవి క్యాన్సర్‌గా ఎలా మారతాయో గమనించారు. వాళ్ల దగ్గర రాతపూర్వక సమ్మతి లేదు. 1997లో ఇది బయటికి వచ్చింది. 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకొచ్చి, రొమ్ము క్యాన్సర్ మందుపై పరీక్షలు చేశారు. ప్రతిసారీ గొడవ అయ్యాకే నియమం వచ్చింది. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాల్లో ఇప్పుడు చాలా మంచి మాటలున్నాయి. పరిశోధనను అనుమతించాలా వద్దా అని చూసే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ సంస్థకు చెందనివాళ్లు కావాలి, ఒక స్త్రీ, ఒక సామాన్య పౌరుడు తప్పనిసరి.

ఆ సామాన్య పౌరుడి గురించి ఒక అనుభవం చెప్పాలి. నేను కొంతకాలం ఒక ఎథిక్స్ కమిటీలో పనిచేశాను. మాతోపాటు సామాన్య సభ్యుడిగా పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఒకరు ఉండేవారు. మొదటి మూడు సమావేశాల్లో ఆయన ఏమీ మాట్లాడలేదు. నాలుగోసారి ఒక సమ్మతి పత్రం చదివి, "మీరు యాదృచ్ఛికంగా ఏదో ఒక సమూహానికి కేటాయించబడతారు" అన్న వాక్యం దగ్గర ఆగి, "అయ్యా, నేను నలభై ఏళ్లు తెలుగు చెప్పాను, ఇది నాకే రెండోసారి చదివితే గాని అర్థం కాలేదు, మా ఊరి రైతుకు ఎలా అర్థమవుతుంది?" అన్నారు. గదిలో ఉన్న డాక్టర్లం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆయనే పెన్ను తీసి రాశారు: "మీకు ఏ మందు ఇవ్వాలో డాక్టరు గారు ఎంచరు. చీటీలు తీసినట్టు తేలుతుంది. మీకు అసలు మందు రావచ్చు, మందు లేని మాత్ర రావచ్చు. ఏది వచ్చిందో మీకూ తెలియదు, డాక్టరు గారికీ తెలియదు." అప్పటి దాకా ఆ వాక్యాన్ని మేం కనీసం పదిసార్లు ఆమోదించాం. ఆ రోజు అది తెలుగులోకి వచ్చింది.

ప్రజాభిప్రాయం అనగానే టీకా పనిచేస్తుందా లేదా అని ఓటు వేయించడం అనుకుంటారు. కాదు. వైరస్‌కు ఓట్లతో పని లేదు. కానీ టీకా ఎప్పుడు ఇవ్వాలి, ఎక్కడ ఇవ్వాలి, ఎవరు వచ్చి చెప్పాలి, తేడా వస్తే ఎవరు పూచీ పడాలి, ముందు టీకానా, ముందు తాగునీళ్లా, వీటికి జవాబు ప్రయోగశాలలో లేదు. శ్రీకాకుళం ఉద్దానానికి వెళ్లండి. కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తెలుసుకోవడానికి ఎన్నో బృందాలు వచ్చి రక్తం, మూత్రం, నీళ్లు, మట్టి తీసుకెళ్లాయి. "తీసుకెళ్లారు, ఏం తేలిందో మాకు చెప్పలేదు" అన్నది అక్కడ ఏళ్లుగా వినిపించే మాట. ఫలితం తిరిగి చెప్పాలని అడగడం వాళ్ల అభిప్రాయం. అది తీరకపోతే తర్వాత వచ్చే పరిశోధకుడికి తలుపు తెరవరు.

ఈ మధ్య ఒక ఊళ్లో ఇదే హెచ్‌పీవీ టీకా గురించి తల్లులతో మాట్లాడటానికి వెళ్లాను. నేను బొమ్మలు, పట్టికలు పట్టుకెళ్లాను. వైరస్ గురించి చెబుతూ "గర్భసంచి ముఖద్వారం" అనగానే సభలో గుసగుసలు మొదలయ్యాయి. ఆశా అక్క నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "సార్, ఈ ఊళ్లో సగం మంది ఆడవాళ్లకు గర్భసంచి తీసేశారు. క్యాన్సర్ వస్తుందని భయపెట్టే తీశారు." నేను టీకా వ్యతిరేక ప్రచారానికి జవాబు సిద్ధం చేసుకుని వెళ్లాను, వాళ్ల భయం అక్కడ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఈ లెక్కలు నాకు ఎప్పటి నుంచో తెలుసు. తెలిసి కూడా, అక్కడి ఆడవాళ్లకు "క్యాన్సర్" అనే మాట ఒకసారి అబద్ధంగా వినిపించిందన్న సంగతి నాకు తట్టలేదు.

పట్టికలు పక్కన పెట్టాను. ఆ రోజు రెండు గంటలు వాళ్లే మాట్లాడారు. ఎవరికి ఎప్పుడు ఆపరేషన్ అయింది, ఎంత ఖర్చయింది, తర్వాత నడుము నొప్పి, వేడి ఆవిర్లు, అప్పులు. అప్పుడు గాని వాళ్లు టీకా గురించి అడగలేదు. ఇది గర్భసంచికి వేసే సూదా, చేతికా అని అడిగారు. పెద్దమనిషి కాకముందే ఎందుకన్నారు. పిల్లలు పుట్టకుండా పోతారా అని ఒక అత్తగారు అడిగింది, పోరని, ఎందుకు పోరో చెప్పాను. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవాలా అని అడిగిన అమ్మాయికి అవునన్నాను. చివర్లో, మూల కూర్చున్న ఒక తల్లి లేచి, "రాత్రి పూట పిల్లకు జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడిగింది.

దానికి నా దగ్గర తయారు జవాబు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ పక్కనే ఉంది. ఆమె బోర్డు మీద తన సొంత నంబరు రాసింది. సమ్మతి పత్రాలు ఆ రోజు ఇవ్వలేదు. ఇంటికి పంపాం, మగవాళ్లతో, పెద్దవాళ్లతో మాట్లాడుకుని వారం తర్వాత తెమ్మన్నాం. వారానికి కొన్ని సంతకాలతో, కొన్ని వేలిముద్రలతో వచ్చాయి, కొన్ని ఖాళీగా వచ్చాయి. ఖాళీగా ఇచ్చిన ఇళ్లకు ఆశా అక్క మళ్లీ వెళ్లింది, ఒప్పించడానికి కాదు, ఏం అనుమానం మిగిలిందో అడగడానికి.

నాకిచ్చిన సమయం దాటింది, మన్నించండి. ఇక మీ ప్రశ్నలు. ముందు వెనక వరుసలో కూర్చున్న ఆశా కార్యకర్తలు అడగండి, ఆ తర్వాత డాక్టర్లు.